ఆవోస్టా లోయలో అడ్డదారులు చెప్పకండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో ఇటలీ ఆల్ప్స్ యాత్ర గురించి వచ్చిన వ్యాసం చదివాను. రోమ్, వెనిస్, పీసాలతో ఆగిపోకుండా ఆవోస్టా లోయ పేరెత్తడమే నాకు సంతోషం. కానీ అందులో రెండు మాటలు మింగుడు పడలేదు. మాంట్ బ్లాంక్ సొరంగంలోకి పోయేముందు బస్సు భోజనానికి ఆగే చోటు అని ఆ లోయను రెండు వాక్యాల్లో తేల్చేశారు. అది పోనివ్వండి. కొండబాటల్లో మలుపులు తిరగకుండా అడ్డంగా ఎక్కేస్తే గంట కలిసొస్తుందని పాఠకులకు సలహా కూడా ఇచ్చారు. ఆ సలహాను దయచేసి వెనక్కి తీసుకోండి. ఈ ఉత్తరం ముఖ్యంగా అందుకే.

నేను రోడ్లు భవనాల శాఖలో ఇంజినీరుగా చేసి రిటైరయ్యాను. ఉద్యోగమంతా ఘాట్ రోడ్ల మీదే గడిచింది. మా అమ్మాయి టురిన్‌లో ఉద్యోగం చేస్తుంది కాబట్టి వేసవులు ఇక్కడే గడుపుతున్నాను. వీలైనప్పుడల్లా ఆవోస్టా లోయకు వెళ్తుంటాను. మంచు శిఖరాలు చూడ్డానికి అందరూ వెళ్తారు. నన్ను మాత్రం అక్కడి దారులు లాగుతాయి. ఆ లోయ చరిత్ర అంతా దారుల చరిత్రే. క్రీ.పూ. 25లో రోమన్లు ఆవోస్టా పట్టణాన్ని కట్టింది కూడా, ఆల్ప్స్ దాటే రెండు కనుమల దారులు విడిపోయే చోటు అదే గనుక.

లోయ మొదట్లో పోన్ సాన్ మార్తాన్ దగ్గర ఒకటే కమానుతో రోమన్ వంతెన ఉంది. 30 మీటర్ల పైచిలుకు దూరాన్ని మధ్యలో స్తంభం లేకుండా దాటించారు. పంతొమ్మిదో శతాబ్దం దాకా ఊరి రాకపోకలన్నీ దాని మీదుగానే జరిగాయి. కొంచెం ముందుకెళ్తే దొన్నాస్. ఒక పక్క నది, ఇంకో పక్క నిలువు కొండ, దారికి చోటే లేదు. రోమన్లు కొండనే నరికారు. 221 మీటర్ల పొడవున గోడలా చెక్కి, ఆ చెక్కిన రాతి మీదే బండ్లు నడిపారు. ఒకచోట రాయిని పూర్తిగా తీసేయకుండా కమానులా వదిలారు. దాని కింద నిలబడి పైకి చూస్తే ఉలి దెబ్బలు ఇప్పటికీ కనబడతాయి. నేల మీద బండి చక్రాలు కోసిన గాడులు ఎంత లోతంటే, అందులో చెయ్యి పెడితే అరచెయ్యి దాగిపోతుంది. పక్కనే అదే కొండరాతిలో స్తంభంలా చెక్కిన మైలురాయి మీద 36 అని రోమన్ అంకెలు. ఆవోస్టా ఇంకా అన్ని రోమన్ మైళ్లుందని. టికెట్టు లేదు. ఊరి నడిబొడ్డు నుంచి నడుచుకుంటూ వెళ్లి చూడొచ్చు. పక్కనుంచి పోయే బస్సుల్లోని వాళ్లలో ఎంతమందికి ఇది తెలుసో!

ఆ పైనే బార్డ్ కోట. 1800 మే నెలలో నెపోలియన్ సైన్యం గ్రేట్ సెయింట్ బెర్నార్డ్ కనుమ మీదుగా మంచులో దిగివస్తే, నాలుగు వందల మంది ఆస్ట్రియా సైనికులు ఈ ఇరుకులో రెండు వారాలు అడ్డుకున్నారు. ఫిరంగుల చక్రాలకు గడ్డి చుట్టి, వీధిలో గడ్డి పరిచి, రాత్రిపూట చప్పుడు కాకుండా కోట కింది నుంచి దాటించారు ఫ్రెంచివాళ్లు. తర్వాత కోటను నేలమట్టం చేయించాడు నెపోలియన్. ఇప్పుడు చూసేది 1830 నుంచి 1838 మధ్య ఆ ప్రాంతాన్ని ఏలిన సవాయ్ వంశపు రాజులు తిరిగి కట్టినది. లోపల ఆల్ప్స్ మ్యూజియం ఉంది, చూడదగ్గదే. నాకైతే కోట కన్నా, దాని కింద ఆ ఫిరంగులు పోయిన సన్నటి వీధిలో నడవడమే ఎక్కువ నచ్చింది.

ఇంజినీర్లెవరైనా ఈ ఉత్తరం చదువుతుంటే వాళ్లకు పోన్ డాయెల్ గురించి చెప్పకుండా ఉండలేను. ఆవోస్టా నుంచి కోన్యె వైపు వెళ్లే దారిలో, ఐమావిల్ దాటాక చిన్న పల్లె అది. అక్కడ 50 మీటర్లకు పైగా లోతున్న ఇరుకు లోయ మీద క్రీ.పూ. 3లో కట్టిన వంతెన నిలిచి ఉంది. పైన నీటి కాలువ, దాని పొట్టలో మనిషి నడిచే దారి. రెండంతస్తుల కట్టుబడి. ఆ లోపలి దారిలో నడవనిస్తారు. పాడువా నుంచి వచ్చిన గైయుస్ అవిల్లియుస్ కైముస్ అనే ఆయన దీన్ని తన సొంత డబ్బుతో కట్టించాడని రాతి మీద చెక్కించుకున్నాడు. ప్రభుత్వ కట్టడం కాదని అంత స్పష్టంగా రాసుకున్న రోమన్ వంతెన చూడ్డం నాకదే మొదలు. నీరు పారడానికి కాలువకు వాలు ఎలా ఇచ్చారో, కింది దారికి వెలుతురు కోసం కిటికీలు ఎక్కడ పెట్టారో చూస్తూ ఎంతసేపు నిలబడ్డానో తెలియదు.

ఇక అడ్డదారుల సంగతి. మీ వ్యాసంలో చెప్పిన నడక, వాల్నోంటే పల్లె నుంచి విట్టోరియో సెల్లా రిఫూజో (కొండ మీద నడిచేవాళ్లు బస చేసే ఇల్లు) దాకా ఎక్కే బాట, మామూలు కాలిబాట కాదు. గ్రాన్ పారడీసో కొండల్ని రాజు రెండో విట్టోరియో ఇమాన్యుయేలే 1856లో తన వేట అడవిగా ప్రకటించుకున్నాడు. గుర్రం దిగకుండా పైదాకా వెళ్లేందుకు వందల కిలోమీటర్ల బాటలు వేయించాడు. ఆల్ప్స్‌లో వేరే చోట్ల తుడిచిపెట్టుకుపోయిన ఐబెక్స్ కొండమేకలు ఆ వేట అడవిలోనే మిగిలాయి. ఇప్పుడు ఆల్ప్స్ మొత్తంలో తిరిగే ఐబెక్స్‌లన్నీ వాటి సంతతే. 1922లో ఆ భూమే ఇటలీకి మొదటి జాతీయ పార్కు అయింది.

ఆ బాట దాదాపు 1,670 మీటర్ల దగ్గర మొదలై 2,584 మీటర్ల దగ్గరున్న రిఫూజోకు చేరుతుంది. అక్కడితో ఆగకుండా 3,300 మీటర్లకు దగ్గరగా ఉన్న లోజోన్ కనుమ దాకా సాగుతుంది. అంత ఎత్తుకు గుర్రాన్ని తీసుకెళ్లాలంటే వాలు ఒకేలా ఉండాలి. అందుకే అన్ని మలుపులు. ప్రతి మలుపు కింద సున్నం, సిమెంటు లేకుండా రాయి మీద రాయి పేర్చిన అడ్డుగోడ ఉంటుంది. వాననీరు ఆ రాళ్ల సందుల్లోంచి మెల్లగా దిగిపోతుంది కాబట్టే గోడ ఇన్నేళ్లు నిలిచింది.

ఇప్పుడు ఒక మనిషి రెండు మలుపుల మధ్య గడ్డి మీదుగా నిటారుగా ఎక్కాడనుకోండి. అతని అడుగులు చూసి ఇంకో పదిమంది ఎక్కుతారు. ఆ ఎత్తులో గడ్డి పెరిగే కాలమే రెండు మూడు నెలలు, చచ్చిన గడ్డి మళ్లీ లేవదు. తర్వాతి వానకు నీరు బాట వదిలి ఆ గీతనే పట్టుకుంటుంది. మట్టిని కోసుకుంటూ వచ్చి కింది గోడ వెనక చేరుతుంది. గోడ పొట్ట ఉబ్బుతుంది. అడుగురాయి ఒక్కటి జారితే చాలు, ఆ మలుపు మొత్తం కూలుతుంది. ఘాట్ రోడ్ల మీద నేను చూసింది ఇదే, ఈ బాట మీద రెండు చోట్ల చూసిందీ ఇదే. పైగా అడ్డంగా ఎక్కేవాళ్ల కాళ్ల కింది రాళ్లు దొర్లితే, కింది మలుపులో నడుస్తున్న పిల్లల మీద పడతాయి.

గంట కలిసొస్తుందన్న మాట కూడా నిజం కాదు. నిటారుగా ఎక్కినవాళ్లు పై మలుపు దగ్గర ఆయాసంతో కూర్చుంటే, బాటలో వచ్చినవాళ్లు మాట్లాడుకుంటూ దాటిపోవడం చూస్తూనే ఉన్నాను. నా వయసువాళ్లు రిఫూజో దాకా వెళ్లగలుగుతున్నారంటే ఆ మలుపుల పుణ్యమే.

మీరు సవరణ వేసేటప్పుడు కొన్ని వివరాలు కూడా చేర్చమని కోరుతున్నాను. ఈ లోయలో బాట గుర్తులు పసుపు రంగువి, వాటిమీద బాట సంఖ్య నల్లగా రాసి ఉంటుంది. ఇటలీలో మిగతా చాలాచోట్ల అవి ఎరుపు, తెలుపు. దారి పలకల మీద చాలావరకు దూరం కాకుండా సమయం రాస్తారు. అది ఆగకుండా నడిచేవాళ్ల లెక్క, ఫోటోలు దిగుతూ నడిచేవాళ్లు దానికి సగం కలుపుకోవాలి. పక్కన ఇంగ్లీషు ఇ (E) అక్షరముంటే మామూలు నడక. రెండు ఇ-లుంటే కొండ నడక బాగా అలవాటున్నవాళ్లకే. వేసవి మధ్యాహ్నాల్లో ఉరుములతో వానలు మామూలే కాబట్టి పొద్దున్నే బయల్దేరి, మబ్బు పట్టేలోపు దిగడం మొదలుపెట్టాలి. ఆపదొస్తే 112కి ఫోన్ చేయాలి. పార్కులో చాలా బాటల మీద కుక్కల్ని రానివ్వరు, డ్రోన్లు ఎగరేయనివ్వరు.

రిఫూజోలు చాలావరకు జూన్ మధ్యలో తెరిచి సెప్టెంబర్‌లో మూసేస్తారు. మీ వ్యాసం చదివి బయల్దేరేవాళ్లు ఆ రోజుల్లోనే వస్తారు. కాబట్టి ఆ సవరణ జూన్ రాకముందే, అదే అనుబంధంలో, వ్యాసం వచ్చిన పేజీలోనే కనబడేలా వేయండి.

ఇట్లు,
రోడ్లు భవనాల శాఖ విశ్రాంత ఇంజినీరు,
టురిన్ నుంచి