కాంగో కొన్నాను బావా

రాజోలు,
కార్తీకమాసం, ఆదివారం.

బావా,

ఎలా ఉన్నావు? ఫోన్లోనే చెప్పేద్దామనుకున్నాను గానీ, డ్యూటీ మధ్యలో నీకు రెండు నిమిషాలు దొరకడమే గగనం. ఇది రెండు నిమిషాల్లో తేలే సంగతి కాదు. శుక్రవారం సెలవునాడు టీ పెట్టుకుని తీరిగ్గా చదువు.

కాంగో డ్రమ్ము కొన్నాను. నిజంగానే. ఇప్పుడు మా సావిట్లో, నాన్న పడక్కుర్చీ పక్కన ఉంది. ఇది రాస్తూ కూడా మధ్యమధ్యలో లేచి వెళ్ళి ఒక దెబ్బ వేసి వస్తున్నాను.

చవితి పందిట్లోకి ఆర్కెస్ట్రా వచ్చినప్పుడు ఊరంతా పాటగాళ్ళని చూసేది. మనిద్దరం మాత్రం స్టేజీ ఎడమవైపు గుంజ పట్టుకుని, ట్రిపుల్ కాంగో వాయించే ఆయన చేతులు చూసేవాళ్ళం. కర్ర లేకుండా ఉత్త చేతుల్తో అంత మోత ఎలా వస్తుందిరా అని నువ్వు అడిగావు. మర్నాడు మీ పెరట్లో ఖాళీ నూనె డబ్బాలన్నీ బోర్లించి చేతులు వాచేదాకా కొట్టాం. ఆ తర్వాత ఎలక్ట్రానిక్ ప్యాడ్లు వచ్చేశాయి. కర్రతో ఈ గడిలో కొడితే కాంగో, పక్క గడిలో కొడితే తబలా. మోత అదే, కానీ చెయ్యి లేదు. ఇన్నేళ్ళుగా నాకు లోటుగా ఉన్నది ఆ చెయ్యే.

ఈ ఏడు రెండు కొబ్బరి దింపుల డబ్బు పక్కన పెట్టాను. ఫోన్లో బొమ్మ చూసి తెప్పించుకోవచ్చు గానీ, వినకుండా వాయిద్యం కొనడానికి మనసు ఒప్పలేదు. మీ చెల్లెలే "వెళ్ళి చూసుకుని తెచ్చుకోండి, ఎన్నాళ్ళని అనుకుంటారు" అంది. చించినాడ వంతెన దాటి పాలకొల్లు వెళ్ళి, రాత్రి నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. పొద్దున్నే హైదరాబాద్. కూకట్‌పల్లిలో మా చిన్నమ్మ కొడుకు ఇంట్లో దిగి, స్నానం చేసి బయల్దేరాను.

మొదట వెళ్ళింది ఒక పెద్ద దుకాణం. పేరెందుకులే. ఏసీ, నేల మీద మెత్తటి తివాచీ, దాని మీద వరసగా నిగనిగలాడుతున్న కాంగోలు. నేను చెయ్యి పెట్టబోతే ఆ కుర్రాడు "సార్, గీతలు పడతాయి, ఉంగరం తియ్యండి" అన్నాడు. అది సబబే, తీసేశాను. రెండు దెబ్బలు వేశానో లేదో, వేరే కస్టమర్లు ఉన్నారని ఆపించాడు. ఆ రెండు దెబ్బల్లోనూ అడుగు మోత రాలేదు. గోనె సంచి మీద కొట్టినట్టుంది. ఒక్కటి చాలన్నా వినకుండా రెండింటి సెట్టు అంటగట్టాలని చూశాడు. అవి 10, 11 అంగుళాలవి. చవక సెట్లు చాలావరకు ఆ కొలతల్లోనే వస్తాయి. అసలు కొలతలు వేరు బావా. చిన్నదాన్ని క్వింటో అంటారు, మూతి 11 అంగుళాలు. మధ్యది కాంగో, పదకొండుంముప్పావు. పెద్దది తుంబా, పన్నెండున్నర. ఎత్తు మూడింటికీ ఇంచుమించు ఒకటే, 28 నుంచి 30 అంగుళాలు. మొదటిసారి కొనేవాడికి మధ్యదే సరైందని నా నమ్మకం. దాన్ని కొంచెం బిగిస్తే క్వింటో వైపు, వదిలితే తుంబా వైపు వస్తుంది. అన్నిటికంటే ముందు ఒక్కదాని మీద చెయ్యి కుదరాలి కదా.

మధ్యాహ్నానికి ఇంకో రెండు కొట్లు తిరిగాను. ఎల్పీ, మైనల్ అని రెండు కంపెనీలవీ చూశాను. ఎల్పీ కథ నీకు నచ్చుతుంది. క్యూబా నుంచి సరుకు రాకుండా అమెరికా నిషేధం పెట్టిన రోజుల్లో మంచి బాంగోలు, అంటే చిన్న జంట డ్రమ్ములు, దొరక్క, మార్టిన్ కోహెన్ అనే ఆయన న్యూయార్క్‌లో తనే తయారీ మొదలుపెట్టాడు. కంపెనీ పెట్టింది 1964లో. చాలావాటి మీద సియామ్ ఓక్ అని గొప్పగా రాసి ఉంటుంది. అది రబ్బరు చెట్టు కలపే. తక్కువదేం కాదు, గట్టిగానే ఉంటుంది. ఫైబర్‌గ్లాస్‌వి కూడా ఉన్నాయి. మోత ఎక్కువ, స్టేజీకి బాగుంటాయి. ఇంట్లో నాకు చెక్కే కావాలనిపించింది.

ధరలు చూసి దిగాలుపడి టీ కొట్టు దగ్గర నిలబడితే, మా తమ్ముడు ఫోన్ చేశాడు. వాళ్ళ ఆఫీసులో ఒకాయన మావగారు పాతికేళ్ళు ఆర్కెస్ట్రాల్లో కాంగో వాయించారట. అపార్ట్‌మెంట్లో కిందవాళ్ళతో గొడవలై ఒకటి అమ్మేద్దామనుకుంటున్నారట. అసలు యాత్ర అప్పుడు మొదలైంది బావా.

వాళ్ళింటికి వెళ్ళాను. ఆ మాస్టారిది తణుకు వైపు. మాట యాస విని "కోనసీమా?" అన్నారు. మంచినీళ్ళు ఇచ్చి, కాంగో హాల్లోకి తెచ్చి, "ముందు వాయించకు, చూడు" అన్నారు. లైట్లు ఆర్పి, ఫోన్ టార్చి వెలిగించి కాంగో కింది కంతలోంచి లోపల పెట్టారు. "ఇప్పుడు బయట్నుంచి చుట్టూ చూడు. ఎక్కడన్నా వెలుతురు గీత కనిపిస్తోందా?" నేను మోకాళ్ళ మీద కూర్చుని చుట్టూ చూశాను. కాంగోని పీపాలా చెక్క బద్దలు జిగురుతో అంటించి చేస్తారు. బద్దల మధ్య అతుకు విడితే వెలుతురు దారంలా బయటికి వస్తుంది. ఇక్కడ ఒక్క గీత లేదు. ఆ చీకట్లో చెక్క మీద చెయ్యి రాస్తూ ఉంటే మన పడవల రేవు గుర్తొచ్చింది. కొత్త పడవ నీళ్ళలోకి దింపేముందు మీ తాత అలాగే వంగి సందు సందూ చూసేవాడు కదా.

తర్వాత తోలు. ఒక్కో బోల్టు పక్కనే, అంచుకి రెండు వేళ్ళ దూరంలో, వేలితో తడుతూ చుట్టూ తిరగమన్నారు. అన్నిచోట్లా ఒకే శ్రుతి పలకాలి. ఒక్కచోట దిగినట్టు వినిపించింది. రెంచీ తీసి ఆ బోల్టుని పావు చుట్టు తిప్పారు. సరిపోయింది. "బోల్టు తిరక్కపోతే మాత్రం కొనకూడదు, మర పోయిందని లెక్క" అన్నారు.

ఆ తర్వాత వాయించమన్నారు. నేను కొట్టాను. దుకాణంలో వచ్చిన గోనె సంచి మోతే వచ్చింది! నీరుగారిపోయాను. ఆయన ఏమీ అనకుండా కాంగోని నా మోకాళ్ళ మధ్యకి జరిపి, అడుగు అంచు నేల మీంచి రెండు అంగుళాలు లేచేలా కొంచెం వంచి, "పాదాలతో పట్టుకో, ఇప్పుడు అరచేత్తో మధ్యలో వెయ్యి" అన్నారు. వేశాను. గుమ్మ్ అని లోపల్నుంచి వచ్చింది, నా కడుపులో తెలిసింది. కింది కంత నేలకి మూసుకుపోతే అడుగు మోత బయటికి రాదు. దుకాణంలో తివాచీ మీద నిలబెట్టిన కాంగోకి ఊపిరి ఎక్కడుంది? పొద్దున్న నేను చూసినవాటిలో మంచివి ఉండే ఉంటాయి. నాకు వినడం తెలియలేదు, వాళ్ళు వినిపించలేదు.

గంటన్నర కూర్చోబెట్టి ఎనిమిది దెబ్బల నడక నేర్పారు. తుంబావ్ అంటారు దాన్ని. ఎడమ అరచేతి మొదలు, అదే చేతి వేళ్ళు, కుడిచేత్తో స్లాప్, అంటే చెంపదెబ్బలాంటి దెబ్బ, మళ్ళీ ఎడమ వేళ్ళు. తర్వాత అరచేతి మొదలు, వేళ్ళు, చివర కుడిచేత్తో మోత సాగేలా రెండు ఓపెన్ దెబ్బలు. దూరంగా ఉన్నవాళ్ళకి ఆ స్లాపూ, చివరి రెండూ మాత్రమే తెలుస్తాయి. మిగతావన్నీ వాయించేవాడి చేతిలో కాలం తప్పకుండా ఉండటానికే. స్లాప్ నాకింకా రాలేదు. చెయ్యి బిగిస్తే చప్పుడే వస్తుంది, వదులుగా విసిరితేనే ఆ పటుక్కుమనే మోత వస్తుంది.

మాటల్లో ఒక సంగతి చెప్పారు, అది విన్నాక నాకు నిద్ర పట్టలేదు. కాంగో పుట్టింది క్యూబాలో. బానిసలుగా తెచ్చిన ఆఫ్రికా వాళ్ళ పిల్లలు, మనవలు చేసుకున్న వాయిద్యం. అక్కడ తుంబదోర అంటారు. ఈ బోల్టులు రాకముందు తోలుని మేకులతో చెక్కకి కొట్టేసేవారు. శ్రుతి తగ్గితే మంట దగ్గర కాచేవారు. బావా, మన జగ్గన్నతోట తీర్థంలో ప్రభలు కదిలేముందు డప్పులవాళ్ళు కొబ్బరాకులు మంట వేసి డప్పులు కాచుకోవడం మనం ఎన్నిసార్లు చూశాం! సముద్రాల అవతల ఎవరో అదే పని చేశారు. రుంబా అని వాళ్ళ పాటా ఆటా ఉంది, అందులో ఈ కాంగోది పెద్ద చోటు. ఆ రుంబాని 2016లో యునెస్కో మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

బేరం ఆడలేదు. 14,000 అన్నారు, ఇచ్చేశాను. రెంచీ, ఒక పాత గుడ్డ సంచీ కూడా ఇచ్చారు. గుమ్మం దాకా వచ్చి తోలు మీద ఒకసారి చెయ్యి వేసి తీశారు. ఏం మాట్లాడాలో నాకు తెలియక కాళ్ళకి దణ్ణం పెట్టాను.

రైల్లో దాన్ని దుప్పట్లో చుట్టి బెర్తు మీద నా పక్కనే పెట్టుకున్నాను, సగం నిద్రే. పది పన్నెండు కిలోలు ఉంటుంది, పాలకొల్లులో దింపుకునేసరికి భుజం లాగేసింది.

ఇక్కడికొచ్చాక తెలిసిందేమిటంటే, మన గాలికి దీని స్వభావం వేరు. కాలవలు, తోటలు, తెల్లారేసరికి మంచు. అసలు తోలు కదా, తేమ పీల్చుకుని పొద్దున్న మెత్తబడి గొంతు దిగిపోతుంది. పదకొండు గంటల ఎండకి మళ్ళీ బిగుస్తుంది. హైదరాబాద్‌లో బిగించిన బిగింపు ఇక్కడ పనికిరాదు. రోజూ వాయించేముందు ఒక్కో బోల్టునీ పావు చుట్టు చొప్పున సమంగా బిగిస్తున్నాను, అయ్యాక అంతే వదులుతున్నాను. బిగించి వదిలేస్తే ఎండలో తోలు చిట్లుతుందని మాస్టారు మరీ మరీ చెప్పారు. ప్లాస్టిక్ తోళ్ళు వస్తాయి, వాటికి ఈ బాధ లేదు. వానాకాలానికి ఒకటి కొంటానేమో. ఇప్పటికైతే ఈ పొద్దున్న గొంతు, మధ్యాహ్నం గొంతు రెండూ నాకు ఇష్టంగానే ఉన్నాయి. అమ్మ కూడా "ఇవాళ బొంగురుగా ఉందేంట్రా" అంటోంది, అంటే వింటోందన్నమాట.

సంక్రాంతికి సెలవు పెట్టావు కదా? కనుమనాడు జగ్గన్నతోటకి పోదాం. ఈలోగా నాకో విషయం తేల్చి చెప్పు. మాస్టారి దగ్గర ఇంకొకటి ఉంది, పెద్దది, తుంబా. మరో దింపు అయ్యాక తెచ్చేస్తాను. లేదు, చిన్నదే కావాలంటే క్వింటో కోసం వెతుకుతాను. చిన్నదా, పెద్దదా? అది వాయించేది నువ్వే కాబట్టి నువ్వే చెప్పాలి.

చెల్లెమ్మని, పిల్లల్ని అడిగానని చెప్పు.

నీ
బావ