శివారు బడుల బాగోగులు సెప్టెంబరు 30 లెక్క మీదే

సంపాదకులకు నమస్కారం.

ప్రభుత్వ బడుల్లో పిల్లలు తగ్గిపోతున్నారన్న వార్తలు తరచూ చదువుతున్నాం. రాష్ట్రంలో చాలాచోట్ల అది నిజమే కావచ్చు. విశాఖ శివార్ల సంగతి వేరు. మధురవాడ, కొమ్మాది, మారికవలస, పెందుర్తి, వేపగుంట, కూర్మన్నపాలెం, అగనంపూడి వైపు కాలనీలు లేచినంత వేగంగా తరగతి గదులు లేవలేదు. చంద్రంపాలెం జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలకు రాష్ట్రంలో ఎక్కువమంది పిల్లలు చదివే ప్రభుత్వ బడుల్లో ఒకటన్న పేరుంది. శివారు బడికి పిల్లల కొరత లేదు. వచ్చిన పిల్లలు సమయానికి లెక్కకెక్కకపోవడమే అసలు చిక్కు. దీని గురించి తల్లిదండ్రులకు, పేరెంట్స్ కమిటీ సభ్యులకు తెలియాల్సినవి కొన్ని రాస్తున్నాను. దయచేసి ప్రచురించండి.

దేశంలో ప్రతి బడి వివరాలూ యూడైస్ ప్లస్ అనే కేంద్ర ప్రభుత్వ పోర్టల్‌లో ఏటా నమోదవుతాయి. అందులో పిల్లల సంఖ్యకు ప్రామాణికంగా తీసుకునే తేదీ సెప్టెంబరు 30. ఆ రోజుకు ఎంతమంది పేర్లు ఎక్కితే బడి బలం అంత. గ్రాంటు, పాఠ్యపుస్తకాల అంచనా, టీచరు పోస్టుల సర్దుబాటు అన్నింటికీ ఆధారం పిల్లల సంఖ్యే. శివార్లలో మాత్రం చేరికలు జూన్‌తో ముగియవు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచీ ఒడిశా నుంచీ భవన నిర్మాణ పనులకు వచ్చే కుటుంబాలు పని దొరికినప్పుడు దిగుతాయి. ప్రైవేటు బడిలో రెండో విడత ఫీజు కట్టలేని తల్లిదండ్రులు దసరా సెలవుల తర్వాత పిల్లల్ని ఇటు పంపుతారు. ఇలా అక్టోబరులో, నవంబరులో వచ్చిన వాళ్లు హాజరు పట్టీలో ఉంటారు, బెంచీ మీద కూర్చుంటారు, కానీ ఆ ఏటి లెక్కలో కనిపించరు.

కొందరు లెక్కలో లేనంత మాత్రాన ఏమవుతుందంటారా? విద్యాహక్కు చట్టం షెడ్యూలు చూడండి. ఒకటి నుంచి ఐదు తరగతులకు 60 మంది వరకు ఇద్దరు టీచర్లు, 61 నుంచి 90 వరకు ముగ్గురు, 91 నుంచి 120 వరకు నలుగురు, 121 నుంచి 200 వరకు ఐదుగురు. 150 దాటితే వీరికి తోడు హెచ్‌ఎం. సెప్టెంబరు 30న 118 మంది ఉండి, దీపావళి నాటికి 126 అయిన బడికి కాగితం మీద నలుగురు టీచర్లే. తరగతులు ఐదు. అంటే ఏదో ఒక టీచరు ఏడాదంతా రెండు తరగతుల్ని ఒకే గదిలో కూర్చోబెట్టుకోవాలి. రాష్ట్రం జీవోలతో ఎప్పటికప్పుడు పట్టిక మార్చినా, మెట్టు దగ్గర నలుగురైదుగురు పిల్లల తేడాతో ఒక పోస్టు పోవడం మాత్రం మారలేదు.

పేరు ఎక్కకపోవడానికి ఆలస్యంగా చేరడం ఒక్కటే కారణం కాదు. పిల్లవాడి పేరు పాత బడి ఖాతాలోనే ఉండిపోవడం అంతకంటే పెద్ద అడ్డంకి. ఒక బడి మానేసిన విద్యార్థిని పాత బడి వాళ్లు పోర్టల్‌లోని తమ లాగిన్‌లో డ్రాప్‌బాక్సులోకి, అంటే బడి వదిలినవారి జాబితాలోకి పంపితేనే కొత్త బడి పెన్ నంబరు (పోర్టల్ ప్రతి విద్యార్థికీ ఇచ్చే శాశ్వత సంఖ్య), పుట్టిన తేదీ కొట్టి తన జాబితాలోకి తెచ్చుకోగలదు. ఫీజు బాకీ ఉందని కొన్ని ప్రైవేటు యాజమాన్యాలు పేరు వదలవు. కొత్త బడి హెచ్‌ఎం పోర్టల్‌లోనే విడుదల కోరుతూ అభ్యర్థన పెట్టవచ్చు. వారం రోజుల్లో కదలిక లేకపోతే పిల్లవాడి పెన్ నంబరు, పాత బడి యూడైస్ కోడ్ రాసి మండల విద్యాశాఖాధికారికి లిఖితపూర్వకంగా ఇవ్వాలి. నోటిమాటగా చెప్తే అది అక్కడితో ఆగిపోతుంది. తల్లిదండ్రులు చేయాల్సింది ఒకటుంది. బడి మార్చేటప్పుడు పాత ప్రోగ్రెస్ కార్డు మీదో, బడి వాళ్లనడిగో పెన్ నంబరు రాసి పెట్టుకోవాలి. ఆధార్‌లో పేరు ఒకలా, బడి రిజిస్టరులో ఇంకోలా ఉంటే పరిశీలన దగ్గర ఆగిపోతుంది. ఇంటిపేరు ముందా వెనకా అన్న తేడాతోనే ఎన్నో పేర్లు నిలిచిపోతాయి. ఆగస్టులోనే సరిచూసుకుంటే ఆధార్ కేంద్రానికి వెళ్లి వచ్చే వ్యవధి ఉంటుంది.

టీసీ లేదనో, ఆధార్ లేదనో చేర్చుకోకపోవడం మాత్రం చట్టవిరుద్ధం. టీసీ ఆలస్యమైందని చేరికను ఆపకూడదని విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ చెబుతుంది. వయసు ధ్రువపత్రం లేదని కాదనకూడదని 14వ సెక్షన్, గడువు దాటినా చేర్చుకోవాలని 15వ సెక్షన్ చెబుతాయి. పనుల కోసం వచ్చిన కుటుంబంలో తొమ్మిదేళ్ల పిల్ల ఎన్నడూ బడికి వెళ్లకపోయినా, 4వ సెక్షన్ ప్రకారం వయసుకు తగ్గ తరగతిలోనే చేర్చుకుని, వెనకబడిన చదువు కోసం ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. ఒకటో తరగతిలో కూర్చోబెట్టడం తేలికే కానీ, పసివాళ్ల మధ్య ఆ పిల్ల నెల తిరక్కుండా మానేస్తుంది.

డబ్బు సంగతికి వద్దాం. సమగ్ర శిక్ష అనే కేంద్ర పథకం కింద బడి నిర్వహణకు ఏటా వచ్చే కాంపోజిట్ గ్రాంటు 30 మంది వరకు 10,000 రూపాయలు, 100 వరకు 25,000, 250 వరకు 50,000, 1,000 వరకు 75,000, అంతకు మించితే లక్ష. ఈ మెట్లను తలకు భాగించి చూడండి. 30 మంది ఉన్న పల్లె బడిలో పిల్లవాడికి 333 రూపాయలు పడితే, వెయ్యి మంది ఉన్న శివారు హైస్కూల్లో 75 రూపాయలు. రెండు వేల మంది ఉంటే 50. చిన్న బడికి ఎక్కువ ఇస్తున్నారని నా ఫిర్యాదు కాదు, దానికి అది చాలదు కూడా. పెద్ద బడికి పైమెట్లు లేకపోవడమే లోపం. వెయ్యి తర్వాత ప్రతి 500 మందికి ఒక మెట్టు పెట్టమని రాష్ట్రం కేంద్రాన్ని అడగాలి. ఆ గ్రాంటులో కనీసం 10 శాతం పరిశుభ్రతకు పెట్టాలన్న నిబంధన ఉంది. 75,000లో అది 7,500. పది నెలలకు సర్దితే నెలకు 750 రూపాయలు. వెయ్యి మంది వాడే మరుగుదొడ్లకు ఫినాయిలు, చీపుళ్లు, యాసిడ్ ఇందులో ఎలా వస్తాయి?

తల్లికి వందనం పథకంలో ఒక్కో విద్యార్థికి 15,000 రూపాయలుగా లెక్కకట్టి, 13,000 తల్లి ఖాతాకు వేసి, 2,000 బడుల నిర్వహణకు తీసి ఉంచుతున్నారు. ఆ 2,000 వాటా తమ బడికి ఏ రూపంలో, ఎంత చేరిందో పేరెంట్స్ కమిటీ సమావేశంలో అడిగి మినిట్స్‌లో రాయించడం తల్లిదండ్రుల హక్కు. అడిగితే హెచ్‌ఎంకు కోపం వస్తుందని జంకనక్కర్లేదు. చాలామంది హెచ్‌ఎంలకు ఆ ప్రశ్న కమిటీ నుంచి రావడమే మేలు, పైవాళ్లకు రాయడానికి వారికీ ఒక ఆధారం దొరుకుతుంది.

మరుగుదొడ్ల విషయంలో డబ్బు లేకుండానే సరిదిద్దగలిగింది ఒకటుంది. ప్రతి 40 మందికి ఒకటి అన్న ప్రమాణం ప్రకారం 300 మంది బాలికలున్న బడిలో ఎనిమిది ఉన్నాయనుకుందాం. విరామం పది నిమిషాలు. ఒక్కొక్కరికి రెండు నిమిషాలు పట్టినా, ఎనిమిదింటిలోనూ కలిపి వెళ్లగలిగేది 40 మందే. మిగతా 260 మంది? వాళ్లలో చాలామంది ఉదయం నుంచి నీళ్లు తాగడం మానేస్తారు. మూత్రనాళ ఇన్ఫెక్షన్లకు, మధ్యాహ్నం తలనొప్పికి ఇదో కారణం. ఆరు, ఏడు తరగతులకు ఒక సమయం, ఎనిమిదికి ఒకటి, తొమ్మిది, పదికి ఇంకొకటి అని విరామాన్ని మూడుగా విడగొడితే రద్దీ సగం కంటే తక్కువకు పడుతుంది. బెల్లు కొట్టే మనిషికి కొత్త టైంటేబులు ఇస్తే చాలు. అదనంగా గదులు కట్టాల్సిన అవసరం ఎలాగూ ఉంది, అవి వచ్చేదాకా పిల్లలు ఇబ్బంది పడనక్కర్లేదు.

నీళ్లు లేని మరుగుదొడ్డి వారంలో మూతపడుతుంది. జాతీయ భవన నిర్మాణ నియమావళి పగటి బడికి తలకు రోజుకు 45 లీటర్లు అంటుంది. 600 మందికి 27,000 లీటర్లు. అందులో సగంతో సర్దుకున్నా 13,500. మేడ మీద వెయ్యి లీటర్ల ట్యాంకు ఒక్కటి పెట్టి మోటారు మీద భారం వేస్తే, ఏప్రిల్‌లో బోరు నీటిమట్టం పడిపోయినప్పుడు మోటారు నీళ్లు లేకుండా తిరిగి కాలిపోతుంది. రీవైండింగుకు పోయిన నాలుగు రోజులూ మరుగుదొడ్లకు తాళమే. కింద సంపు కట్టి జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) నీటిని అందులో నింపుకోవడం, నీళ్లు అందనప్పుడు మోటారును దానంతటదే ఆపేసే పరికరం బిగించడం, మరమ్మతు కంటే చవక. సాగర్‌నగర్ నుంచి భీమిలి దాకా తీరం వెంబడి బడుల్లో ఉప్పుగాలి ఇనుప తలుపుల అడుగు అంచును ముందు తినేస్తుంది. అక్కడ తలుపు పీవీసీదో ఫైబరుదో, బందులు స్టెయిన్‌లెస్ స్టీలువి అయి ఉండాలని అంచనాలోనే రాయించాలి. పెయింటు వేసిన ఇనుము మూడు వర్షాకాలాలు ఆగడం కష్టం.

ఎవరికి చెప్పుకోవాలన్న అయోమయం శివార్లలోనే ఎక్కువ. 2005లో గాజువాక పురపాలక సంఘాన్నీ, చుట్టుపక్కల గ్రామాలనూ కలిపి జీవీఎంసీ ఏర్పడింది, తర్వాత భీమిలి, అనకాపల్లి చేరాయి. ఊళ్లు వార్డులయ్యాయి గానీ, చాలా బడులు మాత్రం జిల్లా పరిషత్, మండల పరిషత్ బడులుగానే ఉండిపోయాయి. ఇంటి పన్ను జీవీఎంసీకి కట్టే తల్లిదండ్రులు టీచరు లేరని కార్పొరేటరు దగ్గరకు వెళ్తే ఆయన చేయగలిగింది తక్కువ. టీచరు ఖాళీలు, పోర్టల్ సమస్యలు ఎంఈఓకు (మండల విద్యాశాఖాధికారికి), అక్కడ తేలకపోతే డీఈఓకు (జిల్లా విద్యాశాఖాధికారికి). గేటు ముందు చెత్త, పొంగే కాలువ, వీధి దీపం, నీటి కనెక్షన్ వార్డు సచివాలయానికి, జోనల్ కార్యాలయానికి. వార్డు సచివాలయంలో విద్యా కార్యదర్శి పోస్టు ఒకటుందని చాలామందికి తెలియదు. బడి ఈడు పిల్లల్లో ఎవరు బడికి వెళ్లడం లేదో ఇంటింటికీ తిరిగి రాసుకోగలిగేది ఆయనే.

దారి గురించి కూడా. ప్రాథమిక బడి కిలోమీటరు లోపు ఉండాలంటారు. పదహారో నంబరు జాతీయ రహదారికి అటువైపున్న బడి కొలతకు 600 మీటర్లే కావచ్చు, ఎనిమిదేళ్ల పిల్లకు అది దగ్గర కాదు. 2022 జూన్‌లో వచ్చిన 117 జీవో మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని హైస్కూళ్లకు కలిపినప్పుడు ఈ సంగతి బయటపడింది. 2025లో ఆ జీవోను ఉపసంహరించారు, మంచి పని. ఇకముందు ఏ పునర్వ్యవస్థీకరణ వచ్చినా చెప్పడానికి ఒక ఆధారం ఉంది. విద్యాహక్కు చట్టం కింద కేంద్రం ఇచ్చిన నమూనా నియమాల్లో ఒకటి, ఇంటి నుంచి బడికి వెళ్లే దారిలో చిన్నపిల్లలకు ప్రమాదం ఉన్నచోట ఆ దూరపు పరిమితిని తగ్గించి బడి పెట్టాలని చెబుతుంది. కమిటీ తీర్మానంలో దూరంతో పాటు దాటాల్సిన రోడ్డు పేరు, వంతెన ఉందా, సిగ్నల్ ఉందా అన్నవి రాయాలి.

ఇవన్నీ ఒకచోట చేర్చే కాగితం పాఠశాల అభివృద్ధి ప్రణాళిక. చట్టంలోని 22వ సెక్షన్ దీన్ని కమిటీ చేతికే ఇచ్చింది. నమూనా నియమాల ప్రకారం మూడేళ్ల ప్రణాళిక, అందులో ఏటికో ఉప ప్రణాళిక ఉండాలి. ప్రతి ఏటికీ తరగతులవారీగా రాబోయే పిల్లల అంచనా, అదనంగా కావాల్సిన టీచర్లు, గదులు, అదనపు ఖర్చు రాసి, ఛైర్‌పర్సన్, హెచ్‌ఎం సంతకాలతో ఆర్థిక సంవత్సరం ముగిసేలోగా పైకి పంపాలి. చాలాచోట్ల ఈ అంచనా గడిలో పోయినేటి సంఖ్యే మళ్లీ దించుతారు. శివారు బడికి జరుగుతున్న నష్టం అక్కడ మొదలవుతుంది. పరిధిలోని అంగన్‌వాడీల్లో ఐదేళ్లు నిండుతున్న పిల్లలెందరు, కొత్తగా తాళాలిచ్చిన గృహ సముదాయాల్లో దిగిన కుటుంబాలెన్ని, గత మూడేళ్లలో అక్టోబరు తర్వాత చేరినవారెందరు అన్న మూడు లెక్కలు కలిపితే నిజానికి దగ్గరైన అంచనా వస్తుంది. మూడోది చేరికల రిజిస్టరులో తేదీలు చూస్తే ఒక పూటలో తేలుతుంది. డిసెంబరులో కూర్చుంటే మార్చికి తొందర ఉండదు.

పత్రికకు ఒక విన్నపం. ప్రతి బడిలో సెప్టెంబరు 30 నాటి సంఖ్య, జనవరి 31న హాజరు పట్టీలో ఉన్న సంఖ్య, మంజూరైన పోస్టులు, పనిచేస్తున్న టీచర్లు అనే నాలుగు గడుల పట్టికను డీఈఓ కార్యాలయం మండలాలవారీగా నోటీసు బోర్డులో పెట్టాలని కోరుతున్నాం. పెట్టాక పెందుర్తి, గాజువాక, ఆనందపురం, భీమునిపట్నం, విశాఖ రూరల్ మండలాల పట్టికల్ని మీ జిల్లా పేజీలో అచ్చువేయండి. ఫిబ్రవరి మొదటివారంలో వస్తే, ప్రణాళికలు పైకి వెళ్లేలోగా కమిటీలు వాటిని సరిచూసుకోగలుగుతాయి.

— ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, మధురవాడ, విశాఖపట్నం