కుందేలును అమ్మేవాళ్లు గడ్డి సంగతి కూడా చెప్పాలి

సంపాదకులు గారికి నమస్కారం.

మా కడపలో పెంపుడు జంతువుల అంగళ్లు ఈమధ్య బాగా పెరిగాయి. చేపల తొట్ల కింద, పక్షుల పంజరాల పక్కన చిన్న జాలీల్లో తెల్ల కుందేళ్లు కనిపిస్తాయి. ఎండాకాలం సెలవులు వస్తే పిల్లలు వాటి ముందు నుంచి కదలరు. మా పాప కూడా అలాగే మారాం చేస్తే రెండేళ్ల కిందట ఒకదాన్ని కొనిచ్చాం. దాని పేరు మల్లి. అంగడాయన ఒక అట్టపెట్టె, ఒక ప్యాకెట్ పెల్లెట్లు (దాణాను నొక్కి చేసిన గుళికలు) చేతికిచ్చి, "ఇదే తిండి, అప్పుడప్పుడు క్యారెట్ వేయండి" అన్నాడు. గడ్డి అనే మాటే ఆయన నోట రాలేదు. మేమూ అడగలేదు, మాకు తెలిస్తే కదా.

ఏడాది బాగానే గడిచింది. ఒకరోజు తెల్లారి చూస్తే మల్లి మూలన ముడుచుకొని కూర్చుంది. పళ్లు కొరుకుతున్న చప్పుడు, గదవ కింద తడి. రోజూ శెనగ గింజలంత గుండ్రంగా వేసే పెంటికలు ఆరోజు నాలుగే ఉన్నాయి, అవి కూడా మిరియాలంత. దగ్గరి పశువైద్యుడి దగ్గరికి తీసుకుపోతే, తాను ఆవులు, గొర్రెలు చూస్తానని, కుందేళ్ల గురించి అంతగా తెలియదని నిజాయితీగా చెప్పి పంపారు. ఇంకొక డాక్టరు గారు కడుపు నిమిరి చూసి, నోరు తెరిచి చూసి, అడిగిన మొదటి ప్రశ్న: "గడ్డి ఎంత తింటుంది?" నేనూ మా ఆయనా ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

ఆయన చెప్పింది విన్నాక నాకు నిద్ర పట్టలేదు. కుందేలు పళ్లు, ముందువే కాదు దవడ పళ్లు కూడా, బతికినన్నాళ్లు పెరుగుతూనే ఉంటాయట. పొడుగు గడ్డి పోచను పక్కలకు నమిలి నమిలి తింటేనే అవి అరుగుతాయి. పెల్లెట్ రెండు కొరుకుళ్లకే పొడైపోతుంది, పళ్లు అరగవు. అరగని పంటి అంచు మొనదేలి నాలుకకో బుగ్గకో గుచ్చుకుంటుంది. దాంతో తినడం మానేస్తుంది. తిండి మానితే పేగు కదలిక నిలిచిపోతుంది, గ్యాసు నిండుతుంది. మనలా వాంతి చేసుకునే వీలు కూడా ఆ జీవికి లేదు. సగం రోజు ఏమీ తినకపోయినా దాన్ని అత్యవసరంగానే చూడాలని డాక్టరు గారు గట్టిగా చెప్పారు. మూడు రోజులు సిరంజితో మెత్తటి తిండి పట్టి మల్లిని దక్కించుకున్నాం. అన్ని ఇళ్లలో కుందేళ్లు అలా దక్కవు. మా వీధిలోనే ఇద్దరు పిల్లల కుందేళ్లు ఇలాగే పోయాయి. "ఎండదెబ్బ" అనుకున్నారు. నిజంగా ఎండదెబ్బే కావచ్చు, కడప ఎండ వాటికి పడదు. కానీ ఆ రెండింటికీ గడ్డి ఎవరూ పెట్టలేదు.

పెద్ద కుందేలు తినేదాంట్లో నాలుగింట మూడొంతులకు పైగా ఎండుగడ్డే ఉండాలి. రోజుకు దాని ఒళ్లంత కుప్ప ముందర ఉండాలి. పుస్తకాల్లో, ప్యాకెట్ల మీద అందరూ చెప్పేది తిమోతి గడ్డి. అది చలి దేశాల్లో పండే గడ్డి, మన దగ్గరికి ఎక్కువగా బయటి దేశాల నుంచే వస్తుంది. ఆన్‌లైన్‌లో తెప్పిస్తే కిలో వెయ్యి రూపాయలకు దగ్గరైంది. తీరా ముందర పెడితే మల్లి వాసన చూసి వెనక్కి తిరిగి కూర్చుంది. చిన్నప్పటి నుంచి పెల్లెట్లకు, క్యారెట్ తీపికి అలవాటుపడిన నోరు మరి. డబ్బు పోయినందుకు కాదు, కళ్ల ముందు మళ్లీ తిండి మానేస్తుందేమోనని నాకు ఒకటే టెన్షన్.

అప్పుడు మైదుకూరు దగ్గర పల్లె నుంచి మా మామయ్య వచ్చారు. జాలీ ముందు కూర్చొని చూసి, "చెవులపిల్లి జాతి గడ్డి తినకుంటే ఇంకేం తింటాదమ్మా" అని, పొలానికి పోయి గోనెసంచి నిండా గరిక కోసుకొచ్చారు. వెన్ను వేయకముందు కోసిన లేత గరిక. దాన్ని కడిగి, మిద్దె మీద ఎండలో కాకుండా వరండాలో నీడన గుడ్డ మీద పలుచగా పరిచి, పూటకోసారి తిరగేశాం. మన గాలికి రెండు మూడు రోజుల్లో చేతిలో నలిపితే గలగలమనేలా ఎండింది. రంగు మాత్రం పచ్చగానే నిలిచింది. ఎర్రటి ఎండలో వేసి ఉంటే పాలిపోయి, వాసన పోయి, మల్లి దాని వైపు కూడా చూసేది కాదు.

వినాయక చవితికి రెండు పోచలు దేవుడికి పెట్టే గరికే ఇది. ఎండుగడ్డి చేసి కుందేళ్లకు పెట్టే గడ్డి రకాల్లో దీనికీ చోటుందని డాక్టరు గారు చెబితే మామయ్య ముఖం వెలిగిపోయింది.

అయినా మల్లి ఒక్కరోజులో మారలేదు. ఎండిన పుదీనా ఆకును అరచేతిలో నలిపి గరిక మీద చల్లాం. అది మలవిసర్జన చేసే ట్రే పక్కనే గడ్డి పెట్టాం, ఎందుకంటే కుందేళ్లు అక్కడ కూర్చొని నములుతాయి. పెల్లెట్లను మూడు వారాల్లో మెల్లమెల్లగా తగ్గించి రోజుకు ఒక గరిటెకు తెచ్చాం. ఇక్కడ ఒక్క మాట పదిమందికీ చేరాలి. "ఆకలేస్తే అదే తింటుందిలే" అని కుందేలును పస్తు పెట్టకూడదు, ప్రాణం మీదికి వస్తుంది. పెల్లెట్లు తగ్గించే రోజుల్లో పెంటికలు లెక్క చూసుకుంటూ ఉండాలి. ఒకదాన్ని చిదిపితే లోపల గడ్డి పీచు కనిపించాలి. అది కనిపించిన రోజు మా పాప ఇల్లంతా పరిగెత్తింది.

మన దగ్గర దొరికేవన్నీ మంచివే అని కాదు. చెనిక్కాయ కట్టె పశువులకు బలం, కుందేళ్లు కూడా ఆశగా తింటాయి. కానీ అది కాయధాన్యపు జాతి, లూసర్న్ అనే పశుగ్రాసం లాగే మాంసకృత్తులు, సున్నం ఎక్కువ. ఆరు నెలల లోపు పిల్లకు పరవాలేదు, పెద్దదానికి రోజూ పెడితే మూత్రంలో సున్నం పేరుకుంటుంది. పైగా వానకు తడిసిన కట్టెకు బూజు పడుతుంది, ఆ బూజు విషం. వరిగడ్డిలో పీచు ఉంది కానీ సత్తువ లేదు, పరుపుగా వేయొచ్చు. జొన్నచొప్ప బాగా ఎండినదైతే ఆకు వరకు కొంచెం కలపొచ్చు. పచ్చి లేత జొన్న మాత్రం వద్దే వద్దు. వానలు లేక గిడసబారిన పైరులో చేరే నాము అనే విషం ఎంతటి గొడ్డునైనా పడేస్తుందని సీమ రైతులకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఇంకొకటి, రోడ్డు పక్కన కోసే గడ్డిలో వయ్యారిభామ కలిసి వస్తుంది, ఏరి పారేయాలి. గన్నేరు ఆకు ఒక్కటి కూడా కలవకూడదు. మందు కొట్టిన చేను గట్టు మీద గడ్డి ఎంత పచ్చగా ఉన్నా ముట్టుకోకూడదు.

ఇదంతా తెలుసుకోవడానికి మాకు ఒక ప్రాణం మీదికి రావాల్సి వచ్చింది. అంగడిలో కుందేలు చేతికి ఇచ్చేటప్పుడే నాలుగు ముక్కలు చెప్పి ఉంటే సరిపోయేది. పెంపుడు జంతువుల అంగళ్లకు 2018లో కేంద్రం నియమాలు తెచ్చింది, రిజిస్ట్రేషన్ లేకుండా అంగడి నడపకూడదు. ఆ రిజిస్ట్రేషన్లు చూసే అధికారులు కుందేళ్లు అమ్మే ప్రతి అంగడిలో ఎండుగడ్డి పెడుతున్నారో లేదో కూడా చూడాలి. కొన్నవాళ్లకు ఒక కట్ట గడ్డి, తెలుగులో ఒక కాగితం ఇప్పించాలి. జాలీలో పెల్లెట్లు మాత్రమే తిన్న పిల్ల మా ఇంటికొచ్చి గడ్డి తినలేదంటే ఆ మొండితనం దానిది కాదు, అలవాటు అక్కడే పడింది.

ఆ కాగితం రాయడానికి ఎక్కడికో పోనక్కర్లేదు. మన జిల్లాలోనే, ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల ఉంది. అక్కడి అధ్యాపకులు గరిక, గినీ గడ్డి, నేపియర్ ఆకు వంటి మన గడ్డిలో ఏది ఎంత పెట్టాలో, ఎలా ఎండబెట్టాలో ఒక్క పేజీలో రాసిస్తే పశుసంవర్ధక శాఖ ప్రతి ఆసుపత్రి గోడకూ అతికించవచ్చు. 1962 నంబరుకు ఫోన్ చేస్తే వచ్చే పశువుల అంబులెన్సు సిబ్బందికి కూడా కుందేలు తిండి మానితే మొదటి గంటలో ఏం చేయాలో నేర్పాలని నా విన్నపం. ఇళ్లలో పెంచేవాళ్లు పెరుగుతున్నారు, వైద్యం కూడా అందుకోవాలి కదా.

ఇంకొక ఆలోచన. గుడుల ముందు ఆవులకు పెట్టే పచ్చగడ్డి కట్టలు అమ్ముకుని బతికే ఆడవాళ్లను రోజూ చూస్తుంటాం. వాళ్లలో ఒకామెను నేను అడిగాను, శుభ్రమైన గరిక నీడన ఎండబెట్టి ఇస్తావా అని. వారానికి ఒక సంచి తెచ్చిస్తోంది. తడి తగలకుండా గుడ్డసంచిలో కట్టి పెడితే నెల దాటినా పాడు కాలేదు. మహిళా సంఘాలకు ఈ పని చూపిస్తే, బయటి దేశపు గడ్డికి మేం పెట్టే డబ్బులో కొంత మన ఊరి చేతుల్లోకే వస్తుంది. గరిక నీళ్లు తక్కువైనా బతుకుతుంది, మన సీమలో దానికి కొత్తగా చోటు వెతకాల్సిన పని లేదు.

మీ పత్రిక జిల్లా పేజీలో మార్చి నెల పోకముందే ఈ విషయం మీద పశువైద్యుల చేత ఒక వ్యాసం రాయించగలరని కోరుతున్నాను. ఏప్రిల్ చివర్లో బడులు మూస్తారు. ఆ మరుసటి రోజు నుంచే అట్టపెట్టెల్లో కుందేలు పిల్లలు ఇళ్లకు చేరడం మొదలవుతుంది.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
కడప