బల్ల ఎత్తు కేటలాగ్ చూసి కాదు, మనిషిని చూసి పెట్టండి

ఎడిటర్ గారికి నమస్కారం,

చెక్కపని నేర్పే సెంటర్ కొత్తగా ఎక్కడన్నా పెట్టారంటే పేపర్లో ఫోటో కూడా వేస్తారు కదండీ, వరసగా బల్లలు, అన్నీ ఒకే ఎత్తు, దారం పట్టి పెట్టినట్టు. చూడ్డానికి బాగానే ఉంటుంది. నాకు మాత్రం ఆ ఫోటో చూస్తే ముందు నడుం గుర్తొస్తుంది, ఎందుకంటే అక్కడ నిలబడే వాళ్లెవరూ ఒకే ఎత్తు ఉండరు, వాళ్లు చేసే పనీ రోజంతా ఒకటే ఉండదు. మెషీన్ల గురించి, కరెంటు లోడు గురించి, పొట్టు లాగే ఫ్యాన్ల గురించి మీటింగులు పెట్టుకుని మాట్లాడతారు గానీ బల్ల ఎత్తు ఎంత పెడదాం అని అడిగేవాళ్లు అరుదు, కేటలాగులో ఏ నంబరుంటే అదే ఆర్డర్ ఫారంలోకి ఎక్కేస్తుంది.

లెక్క చూడండి. నిలబడ్డప్పుడు నేల నుంచి మోచేయి దాకా ఉండే ఎత్తు మనిషి పొడుగులో సుమారు 63 శాతం ఉంటుంది, మణికట్టు దాకా అయితే 48 శాతం పైచిలుకు. అంటే 5 అడుగుల మనిషికి మోచేయి దాదాపు 96 సెంటీమీటర్ల దగ్గర, 6 అడుగుల మనిషికి 115 దగ్గర. తేడా ఏడున్నర అంగుళాలు! ఈ ఇద్దర్నీ తీసుకొచ్చి 36 అంగుళాల బల్ల దగ్గర నిలబెట్టి చిత్రిక, అంటే చెక్కని తోసి నునుపు చేసే పనిముట్టు, పట్టమంటే పొట్టివాళ్లు భుజాలు పైకెత్తి తోస్తారు, ఇంకొకళ్లకి పర్లేదు, అదే బల్ల మీద సన్నటి నగిషీ పని ఇస్తే ఆ పొడుగాయన నడుం వంచాల్సిందే. కార్లో గంటసేపు కూర్చునే సీటుకి ముందుకీ వెనక్కీ జరుపుకునే ఏర్పాటు ఉంటుంది, రోజల్లా నిలబడి పనిచేసే బల్లకి మాత్రం ఉండదు.

చిత్రిక సంగతి కాస్త దగ్గరగా చూస్తే మొత్తం విషయం అర్థమవుతుంది. బల్ల సరైన ఎత్తులో ఉన్నప్పుడు చేతులు దాదాపు చాపినట్టే ఉంటాయి, వెనక కాలి మీంచి ఒళ్ళు ముందుకి వాలుతుంది, ఆ బరువే చిత్రికని తోస్తుంది, పొట్టు పొడుగ్గా చుట్టలు చుట్టుకుంటూ వస్తుంది. బల్ల నాలుగంగుళాలు ఎక్కువైందా, మోచేతులు వంగిపోతాయి, భుజాలు చెవుల దగ్గరికి వస్తాయి, ఇక తోసేదంతా ఒట్టి చేతుల బలమే, పైనుంచి నొక్కు సరిగ్గా పడదు కాబట్టి చిత్రిక చెక్క మీద ఎగిరెగిరి పడుతుంది. నేర్చుకునే కుర్రాడు ఇదంతా చిత్రికలో ఉండే ఉలి పదును తప్పనుకుంటాడు, పక్కనున్నవాళ్లు వాడికి చేయి తిరగలేదంటారు, బల్లని మాత్రం ఎవరూ అనరు.

ఈ పనికి మామూలుగా చెప్పే కొలత సులువే, చేతులు పక్కన వదిలేసి నిలబడితే మణికట్టుకీ చిటికెన వేలి మొదటి కణుపుకీ మధ్యలో బల్ల తగలాలి. 5 అడుగుల 8 అంగుళాల మనిషికి ఇది 30 నుంచి 33 అంగుళాల మధ్య వస్తుంది. చెక్క చిత్రికలు వాడేవాళ్లకి ఇంకొంచెం తక్కువే నయం, అవి ఇనుప వాటికంటే ఎత్తుగా ఉంటాయి కదా, చేయి పైకి పోతుంది. ఇంకో మాట, అసలు లెక్కలోకి రావాల్సింది బల్ల పైభాగం కాదు, దాని మీద పెట్టిన చెక్క పైభాగం, ఎప్పుడూ మందపాటి దూలాలు చెక్కేవాళ్లు ఆ మందం తీసేసి కొలుచుకోవాలి.

అదే డోవెటైల్ (పావురం తోక ఆకారంలో చెక్కల్ని కలిపే అతుకు) గీతలు గియ్యడం, సన్నటి రంపంతో కొయ్యడం, నగిషీ చెక్కడం లాంటివైతే లెక్క పూర్తిగా తిరగబడుతుంది, అక్కడ కావల్సింది కన్ను, బలం కాదు. పని మోచేతికి సమానంగానో, 5 నుంచి 10 సెంటీమీటర్లు పైకో ఉండాలి. అల్మారాలు, టేబుళ్లు బిగించే బల్ల మళ్లీ 24 అంగుళాల చుట్టుపక్కల ఉంటే చాలు, దాని మీద పెట్టే వస్తువే రెండు మూడడుగులు లేస్తుంది, లేకపోతే స్టూలెక్కి స్క్రూలు బిగించాలి. చేతి రంపంతో పలక కొయ్యాలంటే మోకాలు ఎత్తు పీట చాలు, చెక్క మీద మోకాలు వేసి నొక్కిపెట్టొచ్చు. లేత్, అంటే కొయ్యని తిప్పుతూ గుండ్రంగా చెక్కే మెషీన్, అయితే తిరిగే కొయ్య మధ్యభాగం మోచేతికి సరిపోవాలి.

టేబుల్ సా, అంటే బల్లలోంచి తిరిగే రంపం బ్లేడు పైకొచ్చే మెషీన్, దగ్గర మాత్రం ఇది సుఖం గొడవ కాదు, వేళ్ల గొడవ. పొట్టిగా ఉన్న అమ్మాయో అబ్బాయో మునివేళ్ల మీద లేచి పలకని తోస్తుంటే చూశారా? ఒంటి బరువంతా ముందుకి వాలిపోయి ఉంటుంది, జారితే పడేది బ్లేడు వైపే. అలాంటివాళ్లకి నిలబడ్డానికి చెక్క వేదిక వెయ్యాలి, అదీ చిన్న పీటలాంటిది కాదు, పలకతో పాటు అడుగులు వేసేంత వెడల్పూ పొడుగూ ఉన్నది, అంచు మీద కాలు పడితే అది ఇంకో ప్రమాదం. కోసిన చెక్కని అందుకునే బల్ల సా కంటే 2-3 మిల్లీమీటర్లు కిందకే ఉండాలి, పైకుంటే పలక కొస దాని అంచుకి తగిలి ఆగిపోతుంది, మనిషి బలంగా తోస్తాడు, ఇక చెప్పక్కర్లేదు.

అన్నీ ఒకే ఎత్తైతే బల్లలు కలిపి పెద్ద ప్లైవుడ్ షీటు పరుచుకోవచ్చు కదా అంటారు. నిజమే, ఆ సుఖం సా చుట్టూ ఉండే రెండు మూడు బల్లలకి కావాలి, అవి అలాగే ఉంచండి. మిగతావాటికెందుకు? అలాగని బటన్ నొక్కితే లేచే మోటారు బల్లలు కొనమని నేననడం లేదు, రాసుకునే పనికి అవి బాగుంటాయేమో గానీ చిత్రిక తోపుకి చాలావాటి కాళ్లు అటూ ఇటూ ఊగుతాయి. నేనడిగేది చాలా చిన్న సంగతి, ఆర్డర్ ఫారంలో ఎత్తు అనే చోట ఒక నంబరు బదులు మూడు నంబర్లు రాయండి, కాళ్లు నాలుగంగుళాలు పొడుగ్గా ఉంచి తెప్పించండి, తర్వాత కోసుకోవడం తేలిక, అతికించడం కష్టం. చక్రాలు వేయిస్తే వాటి ఎత్తూ, కింద రబ్బరు మ్యాట్ పరిస్తే దాని మందమూ లెక్కలో కలపండి, ఇది చాలామంది మర్చిపోతారు. నేర్చుకోడానికి చేరిన మొదటి రోజే ఒక్కొక్కరి మోచేయి, మణికట్టు ఎత్తు కొలిచి రిజిస్టర్లో రాస్తే ఎవరికి ఏ బల్ల ఇవ్వాలో మాస్టారికి తెలిసిపోతుంది.

ఇప్పటికే ఒకే ఎత్తు బల్లలు దింపేసుకున్న చోట కూడా చేతులెత్తేయక్కర్లేదు. పొడుగు వాళ్లకి బల్ల కాళ్ల కింద దిమ్మలు పెట్టండి, బల్ల కాలు జారిపోకుండా గుంట తవ్వినవి. సన్న పనికి ఆరంగుళాల ఎత్తున్న బుల్లి బల్ల ఒకటి చేసి పెద్ద బల్ల మీద క్లాంపులతో బిగించుకుంటే సరి. అది చెయ్యడం కూడా పిల్లలకి మంచి పాఠమే, మొదటి నెల ప్రాక్టికల్స్‌లో పెట్టేయొచ్చు.

ఇట్లు,
చెక్కపని చేసుకునే ఒక పాఠకుడు