మొలక రాగిని పెనం మీద చంపకండి

సంపాదకులకు నమస్కారం.

ఎండలు ముదిరేసరికి పత్రికల వంటల పేజీల్లో రాగి మాల్ట్ చేసే పద్ధతి కనిపించడం రివాజు. వాటిలో చాలావాటికి ఒకటే లోపం. రాగులు నానబెట్టమంటారు, మూటగట్టి మొలకెత్తించమంటారు, ఎండబెట్టమంటారు. అంతా అయ్యాక "ఘుమఘుమలాడేదాకా వేయించి, మర పట్టించి, మరిగే నీళ్లలో కలుపుకోండి" అని ముగిస్తారు. మూడు నాలుగు రోజులు పడ్డ పాటంతా ఆ చివరి మాటతో నీళ్లపాలవుతోంది. మొలకలో పుట్టిన ఎంజైమ్ (గంజిని విరగ్గొట్టే పదార్థం) కొంత పెనం మీద, మిగతాది మరిగే నీళ్లలో చచ్చిపోతుంది. మొలకెత్తితే ఇనుమును ఒంటికి పట్టనివ్వని ఫైటేట్లు తగ్గి ఇనుము ఒంటికి పట్టడం వంటి మేలు కొంత మిగులుతుంది, కాదనను. అసలు ఫలితం మాత్రం పోయినట్టే. సంగటి తిని, గంగమ్మ జాతరకు అంబలి పోసే తిరుపతి, చిత్తూరు ప్రాంతంలో ఈ సంగతి వివరంగా తెలియాలని ఈ ఉత్తరం.

అసలు ఫలితం ఏమిటంటే, జావ పలచబడటం. రాగి పిండిని నీళ్లలో కాస్తే గంజి కట్టి చిక్కబడుతుంది. పసిబిడ్డ మింగాలంటే నీళ్లు పోసి పలచన చెయ్యాలి. అప్పుడు గిన్నెడు జావలో పిండి రెండు చెంచాలకు మించదు. బిడ్డ కడుపు నిండుతుంది, బలం మాత్రం రాదు. మొలకలోని అమైలేజ్ అనే ఎంజైమ్ ఆ గంజిని ముక్కలు చేసి చక్కెరలుగా మారుస్తుంది. పిండి రెట్టింపు పోసినా జావ తాగేలాగే ఉంటుంది. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ (సీఎఫ్‌టీఆర్‌ఐ) శాస్త్రవేత్తలు, బరోడాలో పోషకాహార శాస్త్రవేత్త తారా గోపాల్‌దాస్ దశాబ్దాల కిందటే దీని మీద పనిచేసి, బిడ్డల ఆహారానికి మొలక పిండి ఎంత ఉపయోగమో చూపించారు. చిరుధాన్యాల్లో మాల్ట్‌కు రాగి మేలైన గింజ అని చెప్పిందీ వాళ్లే.

ఈ ఎంజైమ్‌ను అందరికంటే జాగ్రత్తగా కాపాడుకునేది బీరు కాచేవాళ్లు. గోధుమ బీరులో సగానికి అటూ ఇటూ మొలక గోధుమ, మిగతాది మొలక బార్లీ. గోధుమకు పొట్టు ఉండదు, బార్లీ పొట్టే అడుగున జల్లెడలా నిలిచి రసాన్ని దింపుతుంది. ఆ రెండింటినీ రవ్వగా ఆడించి 65 నుంచి 67 డిగ్రీల వేడి నీళ్లలో గంటసేపు కదలకుండా ఉంచుతారు. గంజి తియ్యటి రసంగా మారేది ఆ గంటలోనే. వేడి 75 దాటితే ఎంజైమ్ చతికిలబడుతుంది, 55 దగ్గరే ఆగితే పని సాగదు. ఆ తరువాతి హాప్స్, ఈస్ట్ సంగతి మనకు అక్కర్లేదు. మన రాష్ట్రంలో లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు కాయడం ఎక్సైజ్ చట్టం కింద నేరం కూడా. కానీ ఆ మొదటి గంట క్రమశిక్షణ మన రాగి జావకు అచ్చంగా సరిపోతుంది. పైగా మన వాతావరణం రాగికే అనుకూలం. గోధుమ, బార్లీ మొలవడానికి 15 నుంచి 18 డిగ్రీల చల్లదనం కావాలి, తిరుపతి వేడికి అవి పులిసి బూజు పడతాయి. మదనపల్లె వైపు డిసెంబరు, జనవరి నెలల్లో ప్రయత్నిస్తే కొంత నయం. రాగికి 28, 30 డిగ్రీలు ఉంటే చాలు, ఏపుగా మొలుస్తుంది.

ముందు గింజ గురించి. విత్తనాల దుకాణంలో కొన్న రాగులు ఎట్టి పరిస్థితిలోనూ వాడకూడదు. విత్తనశుద్ధి మందు పట్టించి ఉంటారు, ఎన్నిసార్లు కడిగినా నమ్మకం లేదు. రైతు దగ్గర తినడానికి దాచుకున్న గింజ మేలు. తిరుపతి పక్కనున్న పెరుమాళ్లపల్లె పరిశోధన స్థానం నుంచి వచ్చిన వకుళ, తిరుమల రకాలు మన వైపు దొరుకుతాయి, దొరికితే తీసుకోండి. ఏ రకమైనా ముందు వంద గింజలు లెక్కపెట్టి తడిగుడ్డలో చుట్టి రెండు రోజులు ఉంచి చూడండి. తొంభైకి తక్కువ మొలిస్తే ఆ రాగులు సంగటికి వాడుకోవాలి. మొలవని గింజ మొలిచేవాటి మధ్య తడిగా పడి ఉండి కుళ్లుతుంది, వాసన అక్కడి నుంచే మొదలవుతుంది.

కిలో రాగులు చెరిగి, నీళ్లలో గాలించి, తేలిన తాలు తీసేసి, నీళ్లు తేటగా వచ్చేదాకా కడగాలి. తరువాత 12 గంటలు నానాలి. నాలుగు గంటలకోసారి నీళ్లు మార్చకపోతే గింజకు ఊపిరాడదు, నానిన నీళ్లే పులిసిపోతాయి. వంపేసి, అరగంట ఓడ్చి తూకం వేస్తే కిలో 350 గ్రాముల చుట్టుపక్కల రావాలి. 1,250 దాటకపోతే ఇంకో రెండు గంటలు నానబెట్టాలి.

మూట కట్టడం దగ్గరే చాలామందికి చెడుతుంది. గుప్పెడు పెసలకు మూట సరిపోతుంది కానీ కిలో రాగులకు కాదు. మొలిచే గింజ వేడి పుట్టిస్తుంది, మూట మధ్యలో ఆ వేడి బయటికి పోలేక జిగురు వస్తుంది. వెదురు తట్టలోనో చిల్లుల పళ్లెంలోనో తడి నూలుగుడ్డ పరచి, రెండు వేళ్ల మందాన రాగులు పోసి, పైన ఇంకో తడిగుడ్డ కప్పాలి. ఆరేడు గంటలకోసారి వేళ్లతో తిరగేసి, నీళ్లు చిలకరించాలి. తిరగెయ్యకపోతే మొలకల వేళ్లు అల్లుకుపోయి చాపలా తయారవుతుంది, తరువాత విడదీస్తే మొలకలు తెగుతాయి. మొలక తెల్లగా తొంగిచూడగానే తీసెయ్యమని వంటల పేజీలు చెబుతాయి. అది మరీ తొందర. ఎంజైమ్ బాగా పెరిగేది రెండో రోజు, మూడో రోజు. 48 గంటలు ఆగితే వేరు సెంటీమీటరు దాకా సాగుతుంది, గింజను గోళ్ల మధ్య నొక్కితే లోపలి పిండి మెత్తగా సుద్దలా వస్తుంది. అప్పుడు ఆపాలి. పచ్చటి ఆకు పొడుచుకొచ్చేదాకా ఉంచితే గింజ తన పిండిని తానే తినేస్తుంది.

పుల్లటి వాసన కొంచెం ఉంటే కడిగి ఆరబెట్టుకోవచ్చు. నల్లగానో ఆకుపచ్చగానో బూజు కనిపిస్తే మాత్రం మొత్తం పారబొయ్యాలి. బూజు పట్టినచోటు మాత్రం తీసి మిగతాది వాడుకుందామనుకోవద్దు, బూజు విషం ఉడికించినా పోదు.

ఎండబెట్టడానికి మిద్దె మీద పలచగా పరిస్తే మన ఎండకు ఒకటిన్నర, రెండు రోజులు చాలు. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వానల్లో ఈ పని పెట్టుకోకపోవడమే మంచిది. గింజ పంటికింద కటుక్కుమనాలి. అప్పుడు గోనెపట్టా మీద అరచేతులతో నలిపితే ఎండిన వేళ్లు రాలిపోతాయి, చాటతో చెరిగెయ్యాలి. వేళ్లు ఉంచితే పిండి చేదెక్కుతుంది. కిలోకు ఎనిమిది వందల గ్రాములకు అటూ ఇటూ మిగిలితే పని సరిగ్గా జరిగినట్టే.

ఇప్పుడు వేయించడం. వాసన కావాలనుకోవడం తప్పేమీ కాదు. అందుకని గింజను రెండు భాగాలు చేసుకోవాలి. పదో వంతు పచ్చిగానే పక్కన పెట్టి, మిగతా తొమ్మిది వంతులు దోరగా వేయించుకోవచ్చు. వాసన వేయించినదాని నుంచి, ఎంజైమ్ పచ్చిదాని నుంచి వస్తాయి. ఈ పదో వంతే జావ మొత్తాన్ని పలచబరుస్తుంది. రెండింటినీ విడివిడిగా మర పట్టించాలి. రాళ్లు బిగించి ఒకే విడతలో మెత్తగా ఆడితే పిండి చెయ్యి కాలేంత వేడెక్కుతుంది. రాళ్లు వదులు చేసి రెండు విడతలుగా ఆడమని చెప్పండి. బిడ్డలకైతే వస్త్రగాళితం పట్టాలి. గాలి తగలని డబ్బాలో నెల రోజులకు మించి దాచవద్దు, మొలక పిండి త్వరగా ముక్క వాసన కొడుతుంది.

కాచే పద్ధతి ఇంకా ముఖ్యం. థర్మామీటర్ అక్కర్లేదు. రెండు గ్లాసుల చల్లనీళ్లలో వేయించిన పిండి 135 గ్రాములు, పచ్చి మొలక పిండి 15 గ్రాములు ఉండలు లేకుండా కలపాలి. మూడు గ్లాసుల నీళ్లు మరగనిచ్చి, పొయ్యి మీంచి దించి, గరిటెతో తిప్పుతూ ఆ మరిగిన నీళ్లను సన్నటి ధారగా పిండి కలిపిన చల్లనీళ్లలో పొయ్యాలి. వేడి 70కి కాస్త ఇటుగా ఆగుతుంది. పిండినే మరిగే నీళ్లలో పోస్తే మొదటి క్షణంలోనే ఎంజైమ్ చస్తుంది కాబట్టి ఈ వరస తప్పకూడదు. ఎండాకాలం మిద్దె మీది ట్యాంకు నీళ్లు వాడితే లెక్క 75 దగ్గరికి పోతుంది, కుండ నీళ్లు వాడండి. మూతపెట్టి, గిన్నెకు తువ్వాలు చుట్టి పావుగంట ఉంచాలి. మొదటి రెండు నిమిషాల్లో జావ చిక్కబడి గరిటె నుంచి ముద్దముద్దగా జారుతుంది. చూస్తుండగానే అది వదులై, పావుగంటకు ధారగా కారుతుంది, మెరుపు వస్తుంది, చక్కెర వెయ్యకుండానే తియ్యగా ఉంటుంది. అనుమానం ఉంటే ఒక చెంచా జావ పళ్లెంలో వేసి చల్లార్చి, మందుల షాపులో దొరికే టింక్చర్ అయోడిన్ ఒక చుక్క వెయ్యండి. ముదురు నీలమైతే గంజి ఇంకా అలాగే ఉంది, ఎర్రటి గోధుమ రంగైతే విరిగింది. పరీక్షించిన జావ పారబొయ్యాలి.

ఆ తరువాత అయిదు నిమిషాలు తప్పకుండా మరిగించాలి. రోజుల తరబడి తడిలో ఉన్న గింజ మీద సూక్ష్మజీవులు ఉంటాయి, పచ్చిగా తాగకూడదు. బెల్లం పొయ్యి కట్టేశాక వెయ్యాలి, పాలు పోసి కాచేటప్పుడు వేస్తే విరిగిపోవచ్చు.

ఈ పిండితో సంగటి కెలకాలని చూడకండి. ముద్ద కట్టదు, తెడ్డు కింద జారిపోతుంది. షుగర్ ఉన్నవాళ్లకు కూడా ఇలా పలచబడిన జావ తగినది కాదు, గంజి ముందే చక్కెరలుగా విరిగి ఉంటుంది కాబట్టి రక్తంలో త్వరగా కలుస్తుంది. మొలక రాగి మాల్ట్ మధుమేహానికి మందు అని ప్యాకెట్ల మీద రాసే రాతలు నమ్మదగినవి కావు. అంతకంటే ఆ ప్యాకెట్ల మీద గింజ మొలకెత్తించారా, వేయించారా అన్నది రాస్తే కొనేవాళ్లకు మేలు.

చివరిగా బడుల సంగతి. 2023 మార్చిలో ప్రభుత్వ పాఠశాలల్లో వారానికి మూడు రోజులు రాగి జావ ఇవ్వడం మొదలైంది. ఎంతో మంచి పని. అక్కడ జావ పలచగా నీళ్లలా ఉండటానికి కారణం వండేవాళ్ల లోపం కాదు, పిండి పెంచితే పిల్లలు తాగలేరు. పది లీటర్ల జావకు 100 గ్రాముల పచ్చి మొలక పిండి ఇస్తే చాలు. ఆరు లీటర్ల నీళ్లలో రాగి పిండిని గట్టిగా ఉడికించి దించాలి. మూడున్నర లీటర్ల చల్లనీళ్లు తిప్పుతూ పోసి, వేడి తగ్గాక, మొలక పిండిని మిగిలిన అర లీటరులో కలిపి చివరిగా పొయ్యాలి. పావుగంట మూతపెట్టి, మళ్లీ అయిదు నిమిషాలు మరిగించి దించితే పిల్లవాడి గ్లాసులోకి ఇప్పటికంటే ఎక్కువ రాగి వెళుతుంది. మొలక పిండిని స్వయం సహాయక సంఘాల మహిళల చేత చేయించవచ్చు. జిల్లా విద్యాశాఖ అధికారులు ఒక్క బడిలో దీన్ని ప్రయత్నించి చూడాలని, ఇకమీదట రాగి మాల్ట్ పద్ధతి అచ్చువేసేటప్పుడు "వేయించి, మరిగే నీళ్లలో" అన్నచోట ఈ వేడి లెక్కలు వెయ్యాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
తిరుపతి