కుర్చీ మార్చుకున్న పెద్దాయనకు

అందరికీ నమస్కారం. ఐదు రోజుల తర్వాత నిన్న రాత్రే ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చాం. మాకు తోడున్నవాళ్ళకి థాంక్స్ చెప్పాలని రాస్తున్నాను. నిద్ర లేదు, తప్పులుంటే సర్దుకోండి.

మా ఆయన ఎమ్మెస్ చదవడానికి టెక్సస్ వచ్చి, 2014లో మావ్నీ అనే పథకం కింద అమెరికన్ ఆర్మీలో చేరారు. (వీసా మీద ఉన్నవాళ్ళని కూడా వాళ్ళకొచ్చిన భాషల కోసం తీసుకునేవారు. 2016లో ఆపేశారు.) అఫ్గానిస్తాన్ వెళ్ళొచ్చాక ఛాతీలో నొప్పి, నడుంనొప్పి, నిద్ర పట్టకపోవడం. ఈసీజీ తీసిన ప్రతిసారీ నార్మల్. సైకాలజిస్టు దగ్గరికి వెళ్దామంటే "నాకేమన్నా పిచ్చా?" అనేవారు.

మొన్న వెయిటింగ్ హాల్లో తలుపుకి వీపు పెట్టి కూర్చోవాల్సొచ్చింది. చెమటలు పట్టేసి, వెళ్ళిపోదాం అంటూ లేచారు. అప్పుడు గోడవారగా కూర్చున్న ఒక నల్లజాతి పెద్దాయన ఏమీ అడక్కుండా లేచి తన కుర్చీ ఇచ్చి, తను వచ్చి మా ఆయన కుర్చీలో కూర్చున్నారు. ఆ గోడవార కుర్చీలోంచి తలుపు కనిపిస్తుంది. అంతే, మా ఆయన కూర్చుండిపోయారు.

ఆ పెద్దాయన 1991 గల్ఫ్ యుద్ధానికి వెళ్ళొచ్చిన మనిషి. అక్కడే పీర్ స్పెషలిస్టు, అంటే ఈ బాధ తనూ పడి బయటికొచ్చి ఇంకొకరికి తోడుండే ఉద్యోగం. "మీ భాషలో దీన్ని ఏమంటారు?" అని అడిగారు. "గుండెల్లో బరువు" అన్నారు మా ఆయన. పెద్దాయన జేబులోంచి చిన్న కాగితం తీసి ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని, నాలుగుసార్లు పలికి చూసుకుని, లోపల సైకాలజిస్టు గారికి ఆ మాటే చెప్పారు. "బారూవు" అన్నారు. నేను బయటికొచ్చి లిఫ్టు పక్కన నిలబడి ఏడ్చాను.

ఆ సైకాలజిస్టు గారు కూడా మీ ఇంట్లోవాళ్ళు దీన్ని ఏమంటారు, ఎందుకొచ్చిందనుకుంటారు అనే మొదలుపెట్టారు. 2013లో వచ్చిన డీఎస్ఎమ్-5లోనే (మానసిక సమస్యల్ని గుర్తించడానికి ఇక్కడి డాక్టర్లు వాడే పుస్తకం) ఇలా అడగడానికి 16 ప్రశ్నలున్నాయట. మరి ఇన్నేళ్ళుగా ఒక్కరూ ఎందుకు అడగలేదు? ఇదివరకు చూసినవాళ్ళు మాత్రలు రాసిచ్చారు, మూడు నెలల తర్వాత రమ్మన్నారు, వెటరన్ (మాజీ సైనికుడు) అని చెప్తే ఐడీ రెండోసారి అడిగారు. ఆర్మీలో ఈయన్ని ఎలాంటి పేర్లతో పిలిచేవారో కూడా మొన్ననే మొదటిసారి విన్నాను, భార్యని అయ్యుండి. నొప్పికీ నిద్రకీ ఇప్పుడు మాటలతోనే చికిత్స మొదలైంది. నల్లజాతి, లాటినో, ఏషియన్ వెటరన్లు కలిసి కూర్చునే గ్రూపు కూడా ఉందట, వచ్చే వారం వెళ్తానన్నారు. తనంతట తనే అన్నారు.

అత్తయ్యగారు పిల్లల్ని చూసుకున్నారు, తమ్ముడు డల్లాస్ నుంచి కారేసుకుని వచ్చేశాడు. వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

అయ్యో, ఆ రాత్రి 988 (మానసికంగా తట్టుకోలేని స్థితిలో సాయానికి ఫోన్ చేసే నంబరు) కొట్టి, వెటరన్ల కోసం 1 నొక్కమని నాకు చెప్పిన పక్కింటి అక్కని మర్చిపోయాను! ఆ ఫోన్లో నలభై నిమిషాలు లైన్లో ఉన్న అమ్మాయికి కూడా. పార్కింగులో వీల్‌చెయిర్ తెచ్చిచ్చిన కుర్రాడికి, పేరడగలేదు. ఇంకా మూడు రోజులు పప్పన్నం పంపిన గుడి వాళ్ళకి. మీ క్యారియర్ మా దగ్గరే ఉండిపోయింది, ఆదివారం తెచ్చిస్తాను.