పావురం వంశపత్రానికి సాక్ష్యం ఏది?

సంపాదకులకు,

అయ్యా,

దూరాన వదిలితే ఏది ముందు తన గూటికి చేరుతుందో చూసే పందేల కోసం పెంచే పావురాల వేలం గురించి వార్త వచ్చినప్పుడల్లా ధర శీర్షికకు ఎక్కుతుంది, ఆ వెనకే వంశం పేరు వస్తుంది, కానీ ఆ వంశం నిజమేనని ఎవరు తేల్చారన్న మాట మాత్రం ఎక్కడా కనబడదు. 2019లో అర్మాండో అనే బెల్జియం మగ పావురం 12.5 లక్షల యూరోలకు, 2020 నవంబరులో 200 యూరోల పాటతో మొదలైన న్యూ కిమ్ అనే రెండేళ్ల పెట్ట 16 లక్షల యూరోలకు అమ్ముడుపోయిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. ఆ ధరలను ఎగతాళి చేయడానికి ఈ లేఖ రాయడం లేదు. ఆ స్థాయి వేలంపాటల్లో కొనేవారు తమ జాగ్రత్త తాము పడతారు. అయితే ఆ వార్తల వెలుగులో, అవే పేర్లు రాసిన కాగితాలతో చిన్న మొత్తాలకు చేతులు మారే పావురాలు ఎన్నో ఉంటాయి. మోసపోయేది అక్కడే.

'స్వచ్ఛమైన వంశం' అన్న మాటే ఈ పక్షుల పుట్టుకకు పొసగదు. పెంపుడు పావురాలన్నీ కొండపావురం సంతతేనని చార్లెస్ డార్విన్ 1859లోనే వాదించారు. అందుకోసం ఆయన స్వయంగా పావురాలు పెంచడమే కాక, లండన్‌లో రెండు పావురాల క్లబ్బుల్లో చేరారు కూడా. నేటి పందెపు పావురం 19వ శతాబ్దపు బెల్జియంలో, ముఖ్యంగా ఆంట్వెర్ప్, లియేజ్ ప్రాంతాల్లో రూపుదిద్దుకుంది. ఇల్లు మరవని స్మర్ల్, గంటల తరబడి ఆకాశంలో నిలిచే క్యూములెట్, కండ పుష్టి గల ఇంగ్లిష్ క్యారియర్, డ్రాగూన్ వంటి రకాలను కలిపి, దూరాన వదిలితే తిరిగి రాని వాటిని పోగొట్టుకుంటూ, వచ్చిన వాటితోనే మళ్లీ జతలు కట్టించి సాధించిన సంకరం అది. పత్రికలవారికి ఈ పక్షుల రుణం కొంత ఉందని కూడా గుర్తు చేయాలి: 1850లో, తరువాత రాయిటర్స్ వార్తాసంస్థను స్థాపించిన పాల్ జూలియస్ రాయిటర్, జర్మనీలోని ఆకెన్‌కూ బెల్జియంలోని బ్రస్సెల్స్‌కూ మధ్య టెలిగ్రాఫ్ తీగ లేని దూరాన్ని పావురాలతోనే పూడ్చి వార్తలు చేరవేశారు.

ఇక పెంపకందారులందరూ చెప్పుకొనే జాన్సెన్ వంశం సంగతి చూద్దాం. బెల్జియంలో డచ్ సరిహద్దు దగ్గర ఆరెండోంక్ అనే చిన్న ఊళ్లో హెన్రీ జాన్సెన్ మొదలుపెట్టిన పెంపకాన్ని ఆయన కొడుకులు దశాబ్దాల పాటు కొనసాగించారు. వారు పెద్ద మందను పెంచలేదు. కొద్ది పక్షులనే ఉంచుకొని, దగ్గరి చుట్టరికంలోనే జతలు కట్టిస్తూ, పందెంలో నిలవని దాన్ని నిర్దాక్షిణ్యంగా పక్కనపెట్టారు. ఇంత కట్టుదిట్టంగా సాగిన ఆ గూటిలో కూడా 'హాల్వే ఫాబ్రి' అన్న పావురం ఒకటి పేరు పొందింది. హాల్వే అంటే సగం. లియేజ్‌కు చెందిన ఫాబ్రి అనే పెంపకందారు పావురాల రక్తం సగం కలిసినందువల్ల వచ్చిన పేరు అది. అంటే స్వచ్ఛతకు మారుపేరుగా చెలామణి అయ్యే గూడే బయటి రక్తాన్ని దాపరికం లేకుండా, పేరులోనే పెట్టి చెప్పుకుంది. ఆ సోదరులు అమ్మిన పిల్లల నుంచి మరెందరో తమ తమ వంశాలను నిర్మించుకున్నారు. వాటికీ జాన్సెన్ పేరే అంటిపెట్టుకుంది.

ఇక్కడ చిన్న లెక్క ఒకటి చూడాలి. నాలుగు తరాలు చూపే వంశపత్రంలో మొత్తం 30 పూర్వీకుల పేర్లు ఉంటాయి. చిట్టచివరి వరుసలోని 16 పేర్లలో ఒకటి గొప్ప విజేతది అయితే, దగ్గరి చుట్టరికపు జతలు లేనప్పుడు ఆ విజేత నుంచి సంక్రమించేది సగటున పదహారో వంతు. మిగతా పదిహేను వంతులు ఎవరివో చదవకుండానే, ఆ ఒక్క పేరు చూసి జనం డబ్బు చెల్లిస్తున్నారు.

ఆ పేర్లయినా నిజమేనా? పిల్ల పుట్టిన వారం పది రోజుల్లో కాలికి తొడిగే అతుకులేని రింగు మీద దేశం, సంవత్సరం, సంఖ్య ఉంటాయి. కాలు ఎదిగాక ఆ రింగు ఊడి రాదు కాబట్టి పక్షి ఏదో, దాని వయసెంతో అది నికరంగా చెబుతుంది. తండ్రి ఎవరో మాత్రం చెప్పదు. అందరినీ కలిపి వదిలిన గూటిలో పెట్ట తన జతగాడితోనే కలిసిందన్న హామీ లేదు. అందుకే జాగ్రత్తపరులు గుడ్లు పెట్టే వరకు ఒక్కో జతను విడి గదిలో ఉంచుతారు. నేను చాలా ఏళ్ల క్రితం ఒక పెంపకందారు దగ్గర రెండు పిల్లలను చక్కని వంశపత్రంతో సహా కొన్నాను. ఆ తరువాత అనుమానం వచ్చి ఈకలతో డీఎన్ఏ పరీక్ష చేయించగా, రెండింటిలో ఒకదానికి పత్రంలో రాసిన మగపక్షి తండ్రి కాదని తేలింది. ఆ పెంపకందారు మోసం చేశాడని నేను అనను; ఆయనకూ తెలియకపోయి ఉండవచ్చు. తెలియని సంగతిని సంతకం పెట్టి ఇవ్వడమే నా అభ్యంతరం.

రక్తమే సర్వస్వం కాదన్నది వేరే విషయం, దాన్ని ఇక్కడ పెంచను. జతను విడదీసి, పందెం ముందు మాత్రమే పెట్టను చూపించి, మగదాన్ని ఇంటికి తొందరపెట్టే బెల్జియం పద్ధతి ఒక్కటి చాలు, గెలుపులో యజమాని నేర్పు ఎంతో చెప్పడానికి.

అందువల్ల పందేలు నడిపే సంఘాలను నేను కోరేది స్వల్పం. వంశం పేరు చూపి అమ్మే ప్రతి పావురానికీ తల్లిదండ్రుల డీఎన్ఏ నిర్ధారణ ఉండాలి, లేకపోతే పత్రం మీద 'నిర్ధారణ కాలేదు' అని ముద్రించాలి. మీ పత్రికను కోరేది అంతకన్నా స్వల్పం: ఇకపై ఇటువంటి వార్తలో వంశం పేరు రాసినప్పుడు, దాన్ని అమ్మకందారు చెప్పారో, పరీక్ష తేల్చిందో ఒక్క వాక్యంలో తెలియజేయండి.

ఇట్లు,
పావురాలు పెంచే ఒక పాఠకుడు